తోలుడు వేటకి రైఫిల్ సర్దుకోవాలంటే ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
స్వీడన్‌లో వేట పరీక్ష పాసయ్యి, లైసెన్సు మీద సెకండ్‌హ్యాండ్ టిక్కా టీ3ఎక్స్ తీసుకున్నాను. .308, బ్యారెల్ 57 సెం.మీ. మీద 3-12×56 స్కోపు (3 నుంచి 12 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 56 మి.మీ.), ఎత్తు రింగులు. పాత యజమాని మంచె మీద కూర్చుని చీకట్లో పందుల్ని కాసేవాడు, ఆ పనికి ఇది బంగారం. నాకేమో నవంబరు నుంచి తోలుడు వేటలు. చిక్కటి స్ప్రూస్ అడవిలోంచి కుక్కలూ మనుషులూ పందుల్ని తోలుకొస్తారు, ఎవరి చోట్లో వాళ్లు నిలబడాలి, ఎదురుగా చెట్లు కొట్టేసిన దారి 8-10 మీటర్ల వెడల్పు. పంది ఆ దారి దాటే లోపలే అయిపోవాలి పని.

పరుగు బొమ్మ మీద చూస్తే భుజానికెత్తగానే స్కోపులో సగం నలుపు. మెడ సర్దుకునేలోగా బొమ్మ ఎల్లిపోతోంది. బ్యారెల్ కోయించెయ్ అని ఒకరు, రెడ్ డాట్ (దేన్నీ పెద్దగా చూపకుండా ఎర్ర చుక్కతో గురి చూపేది) పెట్టు అని ఒకరు, తుపాకీయే మార్చెయ్ అని ఇంకొకరు. చేతిలో 12 వేల క్రోనర్లున్నాయి. దేని మీద ముందు పెట్టను?

పదో_రింగు
స్కోపు. ముందు అది దింపెయ్యండి.

3 రెట్ల దగ్గర పెట్టినా ఆ స్కోపులో 100 మీటర్ల దూరాన కనపడేది దాదాపు 12 మీటర్ల వెడల్పు. 50 దగ్గర 6 మీటర్లు. పంది సెకనుకి 10 మీటర్లు పరిగెడితే ఆ కంతలోంచి 0.6 సెకన్లలో అవతలికి పోతుంది. తప్పు మీ మెడది కాదు.

జగదాంబ_జంక్షన్
స్ట్రెయిట్ పుల్ (బోల్టు పైకి లేపకుండా నేరుగా వెనక్కి లాగే రకం) కొనుక్కోండి. బ్లేజర్ ఆర్8 లాంటిది. ఈ కుస్తీలన్నీ ఎందుకు?

భీమిలి_బాబ్జీ
12 వేల క్రోనర్లకి ఆర్8 బోల్టు పిడి వస్తుందేమో గురూ. మిగతాది వాయిదాల మీద.

కలప_కామేశం
పదో రింగు గారు చెప్పింది సగం నిజం. స్కోపు మార్చినా ఆ నలుపు పోదు, ఎందుకంటే అసలు రోగం స్టాకుది. 56 అద్దం బ్యారెల్‌కి తగలకుండా ఎత్తు రింగులు వేశారు, చెంప ఆనే చోటు మాత్రం కిందే ఉండిపోయింది. దాంతో చెంప గాల్లో తేలుతుంది, గడ్డం ఆనుతుంది. మంచె మీద నిమిషంసేపు సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ నిమిషం ఎక్కడిది?

తుపాకీ ఖాళీ చెయ్యండి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో వేలు పెట్టి మరీ చూసుకోండి. గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్ని చూస్తూ కళ్లు మూసుకోండి. మూసుకునే భుజానికెత్తి చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. చుక్క మీద గురి ఉంటే సరే. మీకు తుపాకీ వెనక భాగమే కనబడిందంటే చెంప కిందికి ఉంది. గురి చుక్కకి పైన నిలిచి, గొట్టం పొడుగంతా కనబడిందంటే చెంప మరీ ఎత్తు. పదిసార్లు చెయ్యండి, పదిసార్లూ ఒకే తప్పు రావాలి. ఒక్కోసారి ఒక్కోలా వస్తే అది స్టాకు తప్పు కాదు, ఎత్తడంలో తప్పు. ఏది కొన్నా ఈ పరీక్ష తర్వాతే.

ఇంకోటి, ఈ పరీక్ష చొక్కా మీద చెయ్యకండి. నవంబరులో ఏ కోటు వేస్తారో అది తొడుక్కుని చెయ్యండి.

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
చేశాను కామేశం గారూ. పదికి ఎనిమిదిసార్లు స్కోపు కింది సగం నలుపే. కోటు వేసుకుంటే ఇంకో గొడవ, బట్ రబ్బరు చంక దగ్గర బట్టకి పట్టుకుంటోంది.

కలప_కామేశం
అనుకున్నాను. బజారు స్టాకు పొడుగు, అంటే ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా, మామూలుగా 36 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది. దళసరి కోటు ఒకటిన్నర నుంచి రెండు సెం.మీ. తినేస్తుంది. మీది సగటు ఎత్తయితే 34.5 దగ్గర పెట్టి చూడండి. చిన్న బట్ ప్యాడ్ దొరుకుతుంది, లేదా ఉన్నదాన్నే రాపించుకోవచ్చు. మరీ పొట్టి చేస్తే దెబ్బకి బొటనవేలు ముక్కుకి తగులుతుంది. కాబట్టి ఒకేసారి కోసెయ్యకుండా 5 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించండి.

బట్టకి పట్టుకునేది రబ్బరు పై మూల. దాన్ని హీల్ అంటారు. కొత్త ప్యాడ్‌లో ఆ మూల చాకు అంచులా ఉంటుంది. 120 గరుకు కాగితం చెక్క ముక్కకి చుట్టి, ఆ మూలని చిటికెన వేలి కొస అంత గుండ్రంగా రాయండి, పైన 240తో నున్నగా చెయ్యండి. రబ్బరు మెత్తబడి సాగుతుంటే ఆ రోజు ఆపేసి, ప్యాడ్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి తెల్లారి రాయండి, పొడిపొడిగా రాలుతుంది. రాశాక పై మూడో వంతు మీద నున్నటి టేపు ఒక పొర అంటించండి. రబ్బరు కిందంతా పట్టు ఉండాలి, పైన జారాలి. ఇరవై రూపాయల పని, దీన్ని మించిన కస్టమైజేషన్ నేనింతవరకు చూళ్లేదు.

భీమిలి_బాబ్జీ
ఫ్రీజర్‌లో చేపల పక్కన బట్ ప్యాడా. మీ ఇంట్లో ఏమీ అనరేటండీ?

కలప_కామేశం
కవర్లో పెడతాను. మా ఇంట్లో వంజరం ముక్కలకే చోటు మొదట.

మద్దిలపాలెం_మాష్టారు
గురి చూసేది తర్వాత, ఎంత ముందుకి చూడాలన్నది ముందు తేల్చుకోండి. .308లో 11.7 గ్రాముల గుండు సుమారు 780 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 50 మీటర్లు దాటడానికి దాదాపు 0.065 సెకను. అడ్డంగా పోయే పంది నడక, దౌడు మధ్యలో ఉంటే సెకనుకి 4 మీటర్లు, ప్రాణభయంతో ఉరికితే 10. అంటే ముందుచూపు వరసగా 26 సెం.మీ., 65 సెం.మీ. ఏటవాలుగా 45 డిగ్రీల్లో వస్తే వీటిని 0.7తో గుణించండి. ఎదురుగా వస్తే సున్నా.

ఈ లెక్క తుపాకీ పందితోపాటు కదులుతూనే ఉంటే. నొక్కే క్షణంలో చెయ్యి ఆగిపోయిందా, మెదడు చెప్పడానికీ వేలు కదలడానికీ మధ్య 0.2 సెకను పోతుంది. 10 మీటర్ల వేగానికి అది 2 మీటర్లు. పంది వెనక మట్టి లేస్తుంది చూడండి, అది ఆ 2 మీటర్లే. గుండు వేగం పెంచుకుంటే ఇందులో పది సెంటీమీటర్లు కూడా రాదు, చెయ్యి ఆపకపోతే మొత్తం వస్తుంది.

జగదాంబ_జంక్షన్
మాష్టారి లెక్క బాగుంది గానీ అడవిలో మధ్యలో కొమ్మలుంటాయి. బరువు గుండు కావాలి. 9.3×62 అయితే పొదలు చీల్చుకు పోతుంది, .308 చిన్న రెమ్మ తగిలినా పక్కకి పోతుంది.

బవేరియా_బుజ్జి
ఈ మాట ప్రతి చోటా వింటాను. పొదలు చీల్చుకు పోయే గుండు లేదండీ. వేలు లావు కొమ్మ తగిలితే 9.3 కూడా తప్పుతుంది, ఎంత తప్పుతుందన్నది కొమ్మ జంతువుకి ఎంత ముందుందన్న దాన్ని బట్టి. కొమ్మ పందిని ఆనుకుని ఉంటే పెద్ద తేడా పడదు, 20 మీటర్ల ముందుంటే గుండు ఎటుపోయిందో దేవుడికెరుక. 9.3×62 మంచి తూటానే, 1905లో బెర్లిన్‌లో ఒట్టో బాక్ చేసింది, 18.5 గ్రాముల గుండు. కానీ దెబ్బ .308కి ఒకటిన్నర రెట్లు. రెండో గుండు వెయ్యడానికి గురి తిరిగి రావడం అంత ఆలస్యం. .308 ఉన్నాయన దాన్ని పారేసి ఇది కొనక్కర్లేదు.

అడ్డం ఉంటే కాల్చకూడదు. అంతే.

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
ఇక్కడ చట్టం లెక్క కూడా ఉంది. మూస్, పెద్ద పంది లాంటి వాటికి క్లాస్ 1 తూటా కావాలి. గుండు 9 గ్రాములైతే 100 మీటర్ల దగ్గర 2700 జూల్స్ ఉండాలి, 10 గ్రాములు, ఆపైన అయితే 2000 చాలు. ఇప్పుడు నా దగ్గరున్నవి 9.7 గ్రాములవి. బ్యారెల్ కోయిస్తే?

మద్దిలపాలెం_మాష్టారు
అక్కడే ఇరుక్కుంటారు. 9.7 గ్రాములకి 2700 జూల్స్ రావాలంటే 100 మీటర్ల దగ్గర వేగం 746 ఉండాలి. .308లో అది అంచు మీద లెక్క. బ్యారెల్ అంగుళం తగ్గితే సెకనుకి ఆరేడు నుంచి తొమ్మిది మీటర్ల దాకా పోతుంది. 57ని 47 చేస్తే నాలుగు అంగుళాలు, 30 మీటర్ల దరిదాపు. డబ్బా మీద రాసింది పొడుగు బ్యారెల్‌తో కొలిచింది కావచ్చు. 11.7కి మారిపోండి, అప్పుడు 2000కి కావాల్సిన వేగం 585 మాత్రమే, ఎంత పొట్టి బ్యారెల్ అయినా దాటుతుంది.

పదో_రింగు
అసలు కోయించడం దేనికి? 57 సెం.మీ. పొడుగేం కాదు. కోస్తే మూతి బరువు పోతుంది, తేలిక మూతి చప్పున కదులుతుంది, చప్పున ఆగిపోతుంది కూడా. ఇప్పుడే మాష్టారు ఆగకూడదన్నారు. పైగా చప్పుడూ మంటా పెరుగుతాయి. సైలెన్సర్ తగిలించే ఉద్దేశం ఉంటే వేరే మాట, అప్పుడు 47-51 మధ్య ఉంటేనే చెట్ల మధ్య తిరుగుతుంది.

బవేరియా_బుజ్జి
మజిల్ బ్రేక్ (దెబ్బ తగ్గించడానికి గొట్టం మూతికి తగిలించేది) మాత్రం వద్దు. పక్కనున్నవాళ్ల చెవులూ కుక్కల చెవులూ పోతాయి, మర్నాడు మిమ్మల్ని ఎవరూ పిలవరు.

పాడేరు_పరమేశం
ఇవన్నీ మన .315కి పనికొస్తాయా? మా వైపు పందులు కందా, చేమా మిగల్చట్లేదు. మా ఏజెన్సీలో చైత్రంలో ఇటుకల పండగకి ఊరు ఊరంతా కొండెక్కి తోలే పద్ధతి ఇదే కదా.

నిర్వాహకుడు
పరమేశం గారూ, పద్ధతి ఒకటే కావచ్చు, చట్టం ఒకటి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ వేట నేరం. పంట కోసం ఆయుధ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. పంట నష్టానికి అటవీ శాఖకి అర్జీ పెట్టుకోవాలి. ఇక్కడి వేట గురించి ఈ దారంలో ఇంకెవరూ రాయొద్దు, తీసేస్తాను. స్వీడన్ సంగతి కానివ్వండి.

పాడేరు_పరమేశం
సరే బాబూ, అడిగాను అంతే. స్టాకు సంగతి రేంజిలో పేపరు మీద కాల్చడానికైనా పనికొస్తుంది కదా, చదువుతున్నా.

కలప_కామేశం
.315 కర్రకి ఇవన్నీ వర్తిస్తాయి పరమేశం గారూ. ముఖ్యంగా సముద్రం గాలికి కర్ర ఉబ్బి బ్యారెల్‌ని నొక్కడం. ఒక కాగితాన్ని బ్యారెల్‌కీ ముందు కర్రకీ మధ్య దూర్చి, ఛాంబర్ దాకా లాగి చూడండి. ఎక్కడ ఆగితే అక్కడ నొక్కుతున్నట్టు. వానాకాలంలో ఒకసారి, మాఘంలో ఒకసారి చూడాలి. గాజువాక బాబుది ప్లాస్టిక్ స్టాకు, ఆ బాధ లేదు.

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
స్టాకు అర్థమైంది. మరి గురికి రెడ్ డాటా, 1-6 స్కోపా? బడ్జెట్‌లో ఏదో ఒకటే.

పదో_రింగు
1-6×24. 1 దగ్గర 100 మీటర్లకి 40 మీటర్ల వెడల్పు కనబడుతుంది, మీ పాతదానికి మూడు రెట్ల పైన. సాయంత్రం మసకలో రెడ్ డాట్‌తో పంది ఆడదా మగదా, వెనక పిల్లలున్నాయా అన్నది తెలీదు. 4కి తిప్పితే తెలుస్తుంది.

బవేరియా_బుజ్జి
ఇక్కడ నేను ఒప్పుకోను. రెడ్ డాట్. 1-6లో కన్ను అద్దానికి తొమ్మిది సెంటీమీటర్ల దూరంలో, నడిమధ్యలో ఉండాలి. వంకరగా ఎత్తితే మళ్లీ అదే నలుపు. డాట్‌లో తల కాస్త అటూ ఇటూ అయినా చుక్క కనబడితే గుండు అక్కడికే. రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు, వెడల్పు లెక్కే ఉండదు. బరువు చూడండి, చిన్న డాట్ 100 గ్రాముల దరిదాపు, 1-6 అర కిలో. మసకలో ఏదో తెలీకపోతే కాల్చకపోవడమే పద్ధతి, స్కోపు ఉన్నా సరే.

పదో_రింగు
బుజ్జి గారూ, 100 మీటర్ల దగ్గర 2 కోణ నిమిషాల (ఎంఓఏ) చుక్క దాదాపు 6 సెంటీమీటర్లు కప్పేస్తుంది.

బవేరియా_బుజ్జి
ఆయన దారి వెడల్పు 10 మీటర్లు, చూపు 40-50 మీటర్లు. అక్కడ 3 సెంటీమీటర్లు. పంది గుండెకాయా ఊపిరితిత్తులూ ఉన్న చోటు జానెడు పైనే. మీ ఎయిర్ రైఫిల్ కాగితం మీద పదో రింగు అర మిల్లీమీటరు, ఆ కళ్లతో దీన్ని చూడకండి.

భీమిలి_బాబ్జీ
😄 మొత్తానికి పదో రింగు గారికి పంది మీద కూడా రింగులు గీసివ్వాలి.

మద్దిలపాలెం_మాష్టారు
ఒకటి మర్చిపోతున్నారు. గురి ఎత్తు. గొట్టం నడిమి నుంచి గురి ఎంత పైన ఉంటే దగ్గర్లో గుండు అంత కింద తగులుతుంది. తక్కువ మౌంట్ (గురిని తుపాకీకి పట్టించే దిమ్మ) మీద డాట్ పెట్టి ఎత్తు 4 సెం.మీ. అనుకుందాం. 100కి సరిచేస్తే 50 దగ్గర తేడా అర సెంటీమీటరు కూడా ఉండదు, 10 మీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్లు కింద. అంటే 100కి సరిచేసి వదిలెయ్యొచ్చు, అడవిలో దేనికీ లెక్కలు అక్కర్లేదు.

అసలు ప్రమాదం ఇంకోటి. కంటికి దారి శుభ్రంగా కనబడుతుంది, నాలుగు సెంటీమీటర్ల కింద గొట్టం మూతి ముందు మోడు అంచో, బండ అంచో ఉంటుంది. మోడు మీద ఆనించి కాల్చేవాళ్లకి ఎక్కువగా జరిగేది ఇదే. గురి ఎంత కిందికి ఉంటే ఈ గుడ్డిచోటు అంత చిన్నది.

కలప_కామేశం
మాష్టారు చెప్పినదాంట్లోనే నా పని సగం అయిపోయింది. తక్కువ మౌంట్ మీద డాట్ పెడితే బజారు స్టాకుకి చెంప ఎత్తు దాదాపు సరిపోతుంది. ఏమైనా మిగిలితే 3 మిల్లీమీటర్ల ఫోమ్ పొరలు ఒక్కొక్కటి అంటించుకుంటూ కళ్లు మూసే పరీక్ష చెయ్యాలి. 1-6కైతే రెండు మూడు పొరలు కచ్చితంగా పడతాయి. బోల్టు వెనక్కి లాగితే ఫోమ్‌కి తగలకూడదు, ముందే చూసుకోండి. రబ్బరు ఫోమ్ చెంపని పట్టుకుని లాగుతుంది, పైన తోలు గానీ నున్నటి టేపు గానీ వెయ్యాలి.

సీతమ్మధార_స్క్రూడ్రైవర్
మౌంట్ బిగించేటప్పుడు చేసే తప్పులు ఇక్కడ రాసి పెడతాను, వెతుక్కునే పని లేకుండా. రైలు కింద, స్క్రూల మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. స్పిరిట్‌తో తుడవకుండా లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) వేస్తే అది పట్టదు. నీలం రకం ఒక్క బొట్టు చాలు, ఎర్రది వేస్తే తర్వాత వేడి పెట్టి ఊడదీయాలి. టార్క్ తయారీదారు రాసిందే, రాయకపోతే స్కోపు రింగు స్క్రూలకి 2 న్యూటన్ మీటర్లు దాటకండి. అంచనా మీద బిగించేవాళ్లు ఎక్కువగా బిగిస్తారు, స్కోపు గొట్టం మీద ఉంగరం గుర్తు పడిపోతుంది. మౌంట్‌ని రైలు గాడిలో ముందుకి తోసి పట్టుకుని అప్పుడు బిగించండి. గాడిలో ఖాళీ వదిలేస్తే ఇరవై దెబ్బలకి అది తనంతట తనే ముందుకి జరిగి సున్నా (సరిచేసి పెట్టుకున్న గురి) పోతుంది. బిగించాక స్క్రూ మీదుగా రైలు మీదికి గోళ్ల రంగుతో గీత గీయండి. గీత రెండు ముక్కలై కనబడిందంటే వదులైనట్టు.

డాట్ కొంటే గొట్టంలా మూసి ఉన్నది కొనండి. తెరిచి ఉన్న రకంలో దీపం ఉన్న చిన్న గుంతలో వాన చుక్కో మంచు రేకో పడితే చుక్క మాయమైపోతుంది, లేదా నాలుగు చుక్కలు కనబడతాయి. చిక్కటి అడవిలో కొమ్మ కదిలితే మంచు నెత్తినే పడుతుంది కదా.

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
ఎయిమ్‌పాయింట్ మైక్రో హెచ్-2 సెకండ్‌హ్యాండ్ చూశాను. స్వీడన్‌దే. బ్యాటరీ 50 వేల గంటలంటున్నారు, నిజమేనా?

బవేరియా_బుజ్జి
12లో 8వ మెట్టు దగ్గర ఆ లెక్క. సీఆర్2032, ఐదేళ్ల పైమాట. అయినా ఏటా వేటకాలం మొదట్లో మార్చెయ్యండి, ఖర్చెంతని. వెలుతురు ఎక్కువ పెట్టకండి, చుక్క చుట్టూ గుడ్లగూబ కన్నులా వెలుగు కమ్మితే పంది దాని వెనక దాక్కుంటుంది. అడవి నీడని చూసి కాకుండా, ఎదురుగా ఉన్న తెరపిని చూసి మెట్టు పెట్టుకోవాలి. మంచు పడ్డాక రెండు మెట్లు పెంచాలి.

జగదాంబ_జంక్షన్
ట్రిగ్గర్ మాట ఎవరూ ఎత్తరేం? స్ప్రింగు రెండు చుట్లు కోసేస్తే వెన్నలా ఉంటుంది.

నిర్వాహకుడు
స్ప్రింగు కోయడం గురించి ఇక్కడ రాయొద్దు.

సీతమ్మధార_స్క్రూడ్రైవర్
ఎవరూ ఎత్తనిది ఎందుకంటే ఆ స్ప్రింగుని ముట్టుకోకూడదు కనక. ఈ రకం ట్రిగ్గర్‌కి సర్దుబాటు స్క్రూ ఉంది, దాదాపు కిలో నుంచి రెండు కిలోల మధ్య తిరుగుతుంది. చలికి మొద్దుబారిన వేలు, మందపాటి గ్లోవ్, గుండె దడ. వీటన్నిటితో 1.3 నుంచి 1.5 కిలోలు ఉండాలి. అంతకన్నా తేలికైతే వేలు ఆనించగానే పేలుతుంది. సర్దాక ఖాళీ తుపాకీని కాక్ చేసి, బట్‌ని రబ్బరు చాప మీద జానెడు ఎత్తు నుంచి నాలుగైదుసార్లు గట్టిగా తట్టండి. సేఫ్టీ వేసి, తీసి, రెండు రకాలుగా. ఒక్కసారి పిన్ను పడినా గన్‌స్మిత్ దగ్గరికే. సెట్ ట్రిగ్గర్ (ముందే బిగించి పెడితే తాకగానే పేలేది) ఉన్న పాత తుపాకీలైతే తోలుడు వేటలో ఆ సెట్ వాడనే వద్దు.

పదో_రింగు
బోల్టు సంగతి. టిక్కా బోల్టు 70 డిగ్రీలే లేస్తుంది, స్ట్రెయిట్ పుల్ కొనక్కర్లేదు. పిడి కాస్త పెద్దది వేసుకుంటే గ్లోవ్‌తో దొరుకుతుంది. అలవాటు చేసుకోవాల్సింది తుపాకీ భుజం దించకుండా లాగడం. డమ్మీ తూటాలు ఐదారు కొనండి, రోజుకి యాభైసార్లు. సగం లాగి తోసేస్తే ఖాళీ కేసు బయటికి రాక ఇరుక్కుంటుంది, లేదా కొత్తది ఎక్కదు. భయపడుతూ లాగేవాడికే ఇరుక్కుంటుంది. గట్టిగా లాగితే ఏ బోల్టూ విరగదు.

మ్యాగజైన్ పెట్టాక ఒకసారి కిందికి లాగి చూడటం అలవాటు చేసుకోండి. టిక్ అని వినబడినంత మాత్రాన కూర్చున్నట్టు కాదు.

కలప_కామేశం
బరువు గురించి. టీ3ఎక్స్ లైట్ రకం మూడు కిలోలకి కాస్త తక్కువ. ఆ పెద్ద స్కోపు తీసి డాట్ పెడితే తుపాకీ మరీ తేలికైపోయి కర్రపుల్లలా ఊగుతుంది. అంతా కలిపి 3.5 కిలోల దగ్గర ఉంటే ఊపు నిలకడగా ఉంటుంది. తూకం మ్యాగజైన్ ముందు అంచు దగ్గర నిలవాలి, అక్కడ వేలు పెట్టి చూడండి. టైర్ల షాపులో చక్రం బ్యాలెన్స్‌కి అంటించే ముక్కలు ఉంటాయి కదా, 5, 10 గ్రాములవి. స్టాకు లోపల ముందు వైపు అంటించి పైన టేపు చుట్టండి. గొట్టానికి తగలకూడదు. మూతి వైపు 100-150 గ్రాములు వేసి ఊపి చూడండి, తేడా చెయ్యికే తెలుస్తుంది.

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
డబ్బిచ్చి బరువు తగ్గించుకునేవాళ్లున్నారు, మనం డబ్బివ్వకుండా పెంచుకుంటున్నాం. స్లింగ్?

బవేరియా_బుజ్జి
నడిచేటప్పుడు మాత్రమే. చోటికి చేరాక విప్పి జేబులో పెట్టండి. పొదల మధ్య ఊగితే ఆ పట్టీ సరిగ్గా ఎత్తే క్షణంలోనే కొమ్మకి తగులుకుంటుంది. ఒక్క నొక్కుకి ఊడొచ్చే స్వివెల్స్ (పట్టీ కొక్కేలు) వేసుకోండి, అవి కిటకిటమనకుండా సన్నటి రబ్బరు ఉంగరం తొడగండి.

చలి ఎక్కువుంటే బోల్టు లోపల నూనె చిక్కబడుతుంది, పిన్ను మెత్తగా కొట్టి తూటా పేలదు. బోల్టు విప్పి నూనె మొత్తం కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఏదో పూసినట్టు అనిపించీ అనిపించనంత పల్చగా వెయ్యండి. మన వైజాగ్ అలవాటుతో తుప్పు భయానికి కారేలా పూస్తారు, అక్కడ అది పనికిరాదు.

ఇంకోటి, ఎత్తి ఊపడం నేర్చుకుంటున్నారు కదా. జర్మనీలో అయితే కాల్చే భంగిమలో తుపాకీని షూటర్ల వరస మీదుగా తిప్పడం నిషేధం. పంది మీ వరస దాటి వెనక్కి పోతుంటే తుపాకీ దించి, మూతి ఆకాశానికి పెట్టి, మీరు తిరిగి, మళ్లీ ఎత్తాలి. మీ చోట్లో నిలబడగానే ఎడమ హద్దు ఏ చెట్టు, కుడి హద్దు ఏ చెట్టు అన్నది పెట్టుకోండి. గుండు దిగడానికి వెనక మట్టి ఉండాలి. వట్టి పొద మట్టి కాదు, గడ్డకట్టిన నేల మీద పల్చటి కోణంలో పడిన గుండు ఆగదు, లేస్తుంది. నారింజ రంగు టోపీ, చొక్కా సరేసరి.

మద్దిలపాలెం_మాష్టారు
సంక్రాంతికి ఇంటికొస్తారా గాజువాక బాబూ? వస్తే ఇక్కడే సాధన చెయ్యొచ్చు, లెక్క చాలా అందంగా కుదిరింది. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో 50 మీటర్ల పరుగు పంది అని ఉండేది. 10 మీటర్ల తెరపిలో బొమ్మ వేగంగా అయితే 2.5 సెకన్లు, నెమ్మదిగా 5 సెకన్లు కనబడుతుంది. దాన్నే ఐదో వంతుకి కుదించి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి పెట్టారు, 2 మీటర్ల తెరపి, అవే సెకన్లు. కోణం ఒకటే. ఇప్పుడు చూడండి, ఎయిర్ రైఫిల్ పెల్లెట్ 170 మీటర్ల వేగంతో 10 మీటర్లు పోవడానికి 0.06 సెకను. మీ .308 గుండు 50 మీటర్లు పోవడానికి 0.065. ముందుచూపు కోణం దాదాపు అదే. అక్కడ 26 సెం.మీ., ఇక్కడ 5. తూటా ఖర్చు లేకుండా అదే ఊపు, అదే ముందుచూపు.

పదో_రింగు
మాష్టారూ ఇది నాకు తట్టనే లేదు. 4.5 మి.మీ., 20 జూల్స్ లోపు ఎయిర్ రైఫిల్‌కి ఇక్కడ లైసెన్సు కూడా అక్కర్లేదు. అయితే మ్యాచ్ రైఫిల్ డయాప్టర్‌తో కుదరదు, ఆ కంతలోంచి పరిగెత్తేది కనబడదు. డాట్ పెట్టాలి, స్టాకు కొలతలు టిక్కావే దింపాలి.

కలప_కామేశం
కొలతలు రాసి పెట్టుకోమనండి. ట్రిగ్గర్ నుంచి బట్‌కి, గొట్టం గీత నుంచి చెంపకి, హీల్‌కి. మూడు అంకెలు చాలు.

భీమిలి_బాబ్జీ
బొమ్మని లాగడానికి ఏటి? మా మేడ మీద బట్టల తీగ ఉంది, కుట్టుమిషను మోటారు ఉంది, పెడల్ నొక్కితే వేగం మారుతుంది.

మద్దిలపాలెం_మాష్టారు
మేడ మీద వద్దు. 10 మీటర్లు దొరికే, తలుపులు మూసే హాలు. బొమ్మ ప్రయాణం పొడుగునా వెనక దళసరి ప్లైవుడ్, దాని ముందు పాత దుప్పట్లు వేలాడదీయాలి. కళ్లద్దాలు తప్పనిసరి, పెల్లెట్ చెక్కకి తగిలి వెనక్కొస్తుంది. మోటారు బానే పనిచేస్తుంది. తీగ బదులు జారే నైలాన్ తాడు కట్టు, రెండు చివర్లా కప్పీలు. 2 మీటర్లు 2.5 సెకన్లలో దాటేలా పెడల్ దగ్గర చాక్‌పీస్‌తో గీత పెట్టుకో.

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
జనవరి 10కి దిగుతున్నా. బాబ్జీ గారూ మోటారు దాచి ఉంచండి.

ఇక్కడ జరిగింది ఇదీ. 56 స్కోపు అమ్మేశాను, ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ డాట్, తక్కువ మౌంట్. ప్యాడ్ చిన్నది వేశాక పొడుగు 34.5. ఫోమ్ ఒక్క పొర పడింది. కళ్లు మూసే పరీక్షలో ఇప్పుడు పదికి తొమ్మిది. 11.7 గ్రాముల తూటాలతో 100 మీటర్లకి సున్నా చేశాను. బ్యారెల్ ముట్టుకోలేదు, ట్రిగ్గర్ 1.4 కిలోలు. 12 వేలల్లో ఇంకా 5 వేల చిల్లర ఉంది, అది తూటాలకి, రేంజికి.

కలప_కామేశం
ఆ పదోది ఎటు పోతోంది?

గాజువాక_టు_గోథెన్‌బర్గ్
ఎడమకి. కోటు వేసుకున్నప్పుడే.

కలప_కామేశం
కుడిచేతివాటమేగా? అయితే బట్ భుజం గుంటలో కాకుండా చేతి కండ మీదికి జారుతోంది. కోటు భుజం కుట్టు అక్కడే ఉండి ఉంటుంది. ఆ కుట్టు మీద టేపు ఎత్తుగా ఒక గీత అంటించి చూడండి, బట్ దానికి లోపలే ఆగాలి.